‘ఎప్పుడు?’ అని అడిగిన మేడం

ఆమె సంతాపసభకు నన్ను పిలవలేదు. పిలవకపోతే పోయారు, ఆమె పోయిన సంగతైనా చెప్పలేదు. ఆమె పాఠాలు చెప్పిన ఇంజనీరింగ్ కాలేజీకీ మా కోళ్ల షెడ్డుకూ ఎంత దూరమని? వాళ్లు మైకు పెట్టి ‘హలో, హలో’ అంటే మా కోళ్లు మెడలు నిక్కిస్తాయి. అంత దగ్గర ఉన్న మనిషికి కబురు పంపడానికి కాలేజీలో ఒక్కరికీ తీరిక దొరకలేదు. సభలో ఆమెను శాంతమూర్తి అన్నారట, మితభాషి అన్నారట. తరవాత వాచ్‌మన్ చెప్పాడు. ఆమెతో ఒక్కసారి కూడా సరిగ్గా పోట్లాడనివాళ్లే ఆ మాటలు అనగలరు. సరిగ్గా పోట్లాడినవాణ్ణి నేనున్నాను. నన్నెవరూ అడగలేదు. అందుకని అడక్కుండానే రాస్తున్నాను.

జవాబు రాకపోవడం నాకు కొత్త కాదు. శంషాబాదు మీద విమానాలు తిరగడం మొదలైన ఏడాది నుంచి దరఖాస్తులు రాస్తున్నాను. ఒక ఆఫీసువాళ్లు రోజు మొత్తం మీద సగటు శబ్దం హద్దులోనే ఉందన్నారు. ఇంకో ఆఫీసులో నా దరఖాస్తు తీసుకుని, నా ముందే దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. ఆ మనిషి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. ఆ తరవాత రాష్ట్రం రెండయింది, ఆఫీసులు పంచుకున్నారు. నా కాగితం ఎవరి వాటాకు పోయిందో చెప్పిన నాథుడు లేడు.

మాది శంషాబాదుకూ మహేశ్వరానికీ నడుమ ఉన్న ఊరు. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. జొన్న వేసిన చోట్ల రాళ్లు పాతి సున్నం కొట్టారు. నేను అమ్మకుండా మిగుల్చుకున్న చెలకలో కోళ్ల షెడ్డు ఉంది. ఒక కంపెనీవాళ్లు కోడిపిల్లల్ని దింపుతారు, నేనూ మా ఇంటామే పెంచి ఇస్తాం. దానిమీదే బతుకు. మా బాధ ఏమిటంటే, ఒక్కో మధ్యాహ్నం ఉన్నట్టుండి కోళ్లన్నీ బెదిరిపోయి ఒక మూలకు పరుగెత్తుతాయి. ఒకదాని మీద ఒకటి పడతాయి. అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయి. మేం వెళ్లి విడదీసేలోపే అంతా అయిపోతుంది. కంపెనీ సూపర్‌వైజర్ ఖరాఖండిగా చెప్పాడు: “అన్నా, ఇంకోపారి గిట్లయితే మీ షెడ్డుకు పిల్లల్ని దింపం.” దింపకపోతే షెడ్డు ఖాళీ. ఖాళీ షెడ్డున్న జాగా ఎప్పుడమ్ముతావని అడిగేవాళ్లు మా గేటు దగ్గర చాలామందే ఉన్నారు.

బెదురుకు కారణం విమానమేనని మా అందరికీ తెలుసు. కోళ్లు గోల పెట్టగానే తల పైకెత్తేవాళ్లం. ఎత్తితే విమానం కనిపించేది. మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆ అలవాటు పడింది. గోడ పగిలినా, బర్రె పాలివ్వకపోయినా ముందు ఆకాశంలోకి చూస్తారు.

ఆమెను కలవాలనుకుని నేను వెళ్లలేదు. కాలేజీ వార్షికోత్సవం మైకు మీద ఫిర్యాదు చేద్దామని ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. ఆయన సంతకాలు పెడుతూ, తలెత్తకుండా, “శబ్దం సంగతులు మా మేడం చూస్తారు, అటు వెళ్లండి” అన్నాడు. చెయ్యి ఖాళీ లేదు, పక్కింటికి పొమ్మని బిచ్చగాడికి చెప్పినట్టు. ఆ మేడం ఉన్నది వరండా చివరి గదిలో, విరిగిన బల్లలు పేర్చిపెట్టిన గది పక్కన. ఆ కాలేజీవాళ్లకు ఆమె మీద ఎంత గౌరవముందో ఆ గది చూస్తేనే తెలిసింది.

“కుడివైపు కూర్చోండి” అంది, నేనెవరో ఏమిటో అడగకముందే. నెల్లూరో ఒంగోలో, ఆ వైపు మాట. వాస్తు పిచ్చేమో అనుకున్నాను. కుర్చీ అటు జరుపుకుని కూర్చున్నాను.

“చెప్పండి, ఏమిటి ఇబ్బంది?”

మైకు సంగతి అడుగుదామని వచ్చి, అలవాటు చొప్పున విమానం సంగతే చెప్పాను. “విమానాలు మేడం. గా సప్పుడుకు కోళ్లు సస్తున్నయి.”

“ఎప్పుడు?”

“రోజూ వస్తయి గద.”

“రోజూ అనేది ‘ఎప్పుడు’ కాదండీ. విమానాలు రోజూ వస్తాయి. కోళ్లు ఎప్పుడు చనిపోయాయి?”

“పగటిపూట. మధ్యాహ్నం.”

“మధ్యాహ్నం చాలా పొడుగండీ.”

ఇన్నేళ్లుగా అందరూ నా మాట విననివాళ్లే. విని తప్పు పట్టినది ఈమె ఒక్కతే. లేచి నిలబడ్డాను. “మీకు కోళ్లు తెల్వదు, సప్పుడూ తెల్వదు” అన్నాను. ఆమె కుర్చీ తిప్పుకుని ఎడమ చెంప నావైపు పెట్టి కంప్యూటర్ చూసుకోసాగింది. ఆ ఎడమ చెంప అర్థం నాకు తరవాత తెలిసింది. చిన్నప్పుడే ఆమె ఎడమ చెవి పోయింది. వినాలనుకున్న మనిషిని కుడివైపు కూర్చోబెట్టుకునేది. ఇక వినక్కర్లేదనుకుంటే ఎడమవైపు తిప్పేది. మొదటిరోజే నాకు ఆ ఎడమ చెవి దక్కింది. నేను మరిచిపోలేదు.

నేను మళ్లీ వెళ్లలేదు. ఆమే వచ్చింది. పసుపుపచ్చ చీర కట్టుకుని, సంచీ తగిలించుకుని, స్కూటీ మీద. షెడ్డు తలుపు దగ్గర మా ఇంటామె అడ్డం నిలబడింది.

“అక్కా, గా చీరతోని లోపటికి పోకు. కొత్త రంగు జూస్తే బెదురుతయి.”

ఇంటామె ఇచ్చిన పాత వెలిసిన చీర ఆమె పైన చుట్టుకుంది. తలుపు తీసేముందు నేను గట్టిగా దగ్గాను. కోళ్లు పెంచేవాళ్లెవరైనా చేసే పనే అది.

“ఎందుకు దగ్గారు?”

“మనం వస్తున్నమని ఆటికి ఎర్కయితది. చెప్పకుండ పోతే ఎగురుతయి.”

ఆమె తలుపు మీద చెయ్యి పెట్టి, “ఇంకోసారి దగ్గండి” అంది. నేను దగ్గాను. ఆమె కూడా దగ్గి చూసుకుంది. ఆ రోజు నుంచి మా గేటు దగ్గరకు రాగానే దగ్గేది. ఒకరోజు మా ఇంటామెతో చెప్పింది: “మా ప్రిన్సిపాల్ గదిముందు కూడా దగ్గుతున్నానండీ. కొత్త మాట వింటే ఆయనా బెదురుతారు.” ఈమెనా శాంతమూర్తి అన్నది?

షెడ్డు దూలానికి బ్యాటరీతో నడిచే ఒక చిన్న మైకు వేలాడదీసి, దుమ్ము పడకుండా పలుచని గుడ్డ చుట్టింది. రెండురోజులకోసారి కాలేజీ వదిలాక వచ్చి, పట్టిన శబ్దాలను కంప్యూటర్‌లోకి తీసుకునేది. ఆ పని సాగుతున్నంతసేపు వరండాలో కూర్చునేది. చాయ్ ఇస్తే స్టీలు గ్లాసును గోటితో టింగుమని కొట్టి, కుడిచెవి దగ్గర పెట్టుకుని, ఆ మోత పూర్తిగా ఆగేదాకా వినేది. ఈలోపు చాయ్ మీద మీగడ కట్టేది.

“చాయ్ తాగుతవా అక్కా, ఇంటవా?” అనేది మా ఇంటామె.

“రెండూనండీ. ముందు వినడం.”

అలాంటి ఒక సాయంత్రం ఆఫీసువాళ్ల సగటు గురించి అడిగాను. వాళ్లు అబద్ధం చెప్పారని ఆమె అంటే నాకు తృప్తిగా ఉండేది. అనలేదు.

“సగటు అబద్ధం కాదండీ. మీరడిగినదానికి జవాబు కాదు, అంతే. ఇప్పుడు మీ ఊళ్లో పెళ్లి ఊరేగింపు పోయిందనుకోండి. ఫూరియే అని ఒకాయన చెప్పిన లెక్క ఉంది. ఊరేగింపు శబ్దమంతా ఒక్కసారిగా తీసుకుని, అందులో ఏ స్వరం ఎంత ఉందో విడగొట్టి చెబుతుంది. సన్నాయి ఇంత, డప్పు ఇంత. చాలా గొప్ప లెక్క. కానీ ఆ డప్పు మీ ఇంటి ముందు మోగిందా, ఊరి చివర మోగిందా? ఆ లెక్కలో అది కనిపించదు.”

“మరి తునకలు తునకలు కోసి చూస్తె?”

ఆమె కుర్చీతో సహా నావైపు తిరిగింది. కుడిచెవి పూర్తిగా నాకే. “చూస్తారండీ. సన్నగా కోస్తే ‘ఎప్పుడు’ అన్నది తెలుస్తుంది, స్వరం సరిగా తెలియదు. లావుగా కోస్తే స్వరం తెలుస్తుంది, ‘ఎప్పుడు’ అన్నది చెదిరిపోతుంది.” పక్కన మా ఇంటామె కూర కోస్తోంది. ఆ కత్తిపీట వైపు చెయ్యి చూపించింది. “ఆవిడ సొరకాయనూ పచ్చిమిరపనూ ఒకే మందాన కోస్తున్నారా? వేవ్‌లెట్ పద్ధతి కూడా అంతే. బరువుగా, నెమ్మదిగా ఊగే శబ్దానికి పొడుగు తునకలు. చిటుక్కుమనేదానికి సన్న తునకలు. ఏ శబ్దానికి తగిన కోత దానికి.”

అంతవరకు నన్ను కూర్చోబెట్టి ఒక విషయం చెప్పినవాళ్లు లేరు. అందరూ వెళ్లమనే చెప్పారు. ఈ మాట ఆమెతో అనలేదు, అంటే అలుసవుతానని.

తరవాతి వారం బొమ్మ చూపించింది. శబ్దం బొమ్మ. ఎడమ నుంచి కుడికి సమయం నడుస్తుంది. కింద బొంగురు శబ్దాలు, పైన సన్నవి. ఎంత గట్టిగా ఉంటే అంత నలుపు. ఒక వెడల్పాటి గుట్టలాంటి మచ్చ మెల్లగా లేచి మెల్లగా వాలింది. అది విమానం. అడ్డంగా పట్టాల్లాగా పోతున్న గీతలు షెడ్డు ఫ్యాన్లు. ఒకచోట ఆ గీతలు తెగిపోయాయి.

“ఇక్కడ కరెంటు పోయింది” అంది. ఆ రోజుల్లో మధ్యాహ్నం కోత తప్పదు. “ఫ్యాన్లు ఆగాయి. షెడ్డంతా నిశ్శబ్దం. ఇప్పుడిది చూడండి.”

ఆ తెల్లటి ఖాళీలో కింది నుంచి పైదాకా నిలువుగా ఒక సన్నని గీత. గోటితో గీరినట్టు. దాని పక్క నుంచి బొమ్మంతా నల్లగా కమ్ముకుపోయింది. ఆ నలుపు మా కోళ్ల అరుపు.

“మీ విమానం అంతకుముందే దాటిపోయిందండీ. అది వస్తున్నంతసేపు కోళ్లు తీరుబడిగా కొక్కొక్కో అంటూనే ఉన్నాయి. విమానం దగ్గుతూ వస్తుంది, దగ్గుతూ పోతుంది. వాటికి అలవాటైంది. ఈ గీత దగ్గకుండా వచ్చింది.”

“ఏందది?”

“ఏమిటో ఇంకా తెలియదు. ‘ఎప్పుడు’ అన్నది తెలిసింది. విమానం మాత్రం కాదు.”

ఇన్నేళ్ల దరఖాస్తులు! ఎన్ని గుమ్మాల ముందు నిలబడ్డానో, ఎన్ని మాటలు పడ్డానో! ఆ విమానం ఒక్కటీ నాదని పట్టుకుని ఉంటే, ఈమె ఒక గీత చూపించి దాన్నీ లాక్కుంది.

“గట్లెట్లంటరు మేడం? ఊరంత చూస్తున్నం, మీ డబ్బకు ఎర్కనా?” అని లేచి షెడ్డు వెనక్కి వెళ్లిపోయాను. చాలా రోజులు మాట్లాడలేదు. ఆమె రావడం మానలేదు. గేటు దగ్గర దగ్గడమూ మానలేదు. నాకు వినపడేలా మా ఇంటామెతో మాట్లాడేది.

“మీ ఆయనకింకా కోపమేనా?”

“గాయన విమానాన్ని ఇడువడు అక్కా. ఎన్నేండ్ల దోస్తానా.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు కూడా నేను మరిచిపోలేదు.

తరవాత ఒక మధ్యాహ్నం ఆమె వరండాలో ఉండగానే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. కాసేపటికి ఎక్కడో ‘ధన్’మని మోగింది. వెంటనే షెడ్డు గోలెత్తింది. నేను పరుగు తీస్తూ అలవాటు చొప్పున తల పైకెత్తాను. ఆకాశంలో ఏమీ లేదు. శుభ్రంగా కడిగినట్టుంది. మేమిద్దరం పైకి చూస్తే, ఆమె పైకీ చూడలేదు, పక్కకీ చూడలేదు. చేతి గడియారం చూసుకుంది.

మూలన పడ్డ కోళ్లను విడదీసి, చచ్చినవాటిని బయటికి తెచ్చేసరికి ఆమె కూడా పాత చీర చుట్టుకుని మా వెనక మోస్తోంది. ‘చెప్పానా’ అనలేదు. అననందుకు ఆమె మీద ఇంకాస్త కోపం వచ్చింది. అంటే బాగుండేది.

చేతులు కడుక్కున్నాక నేనే అడిగాను. “అందరం మీదికి జూస్తిమి. మీరెందుకు చూడలే?”

“నాకు ఎటునుంచి వచ్చిందో తెలియదండీ. దానికి రెండు చెవులూ కావాలి. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే చుట్టూ తిరిగి చూడాలి. క్లాసులో పిల్లలు దాన్నొక ఆటగా ఆడుకుంటారు.” చేతులు తుడుచుకుంటూ అంది: “అందుకే ‘ఎప్పుడు’ పట్టుకున్నాను. అది ఒక్క చెవికి కూడా దొరుకుతుంది.”

మాకు రెండు చెవులున్నాయి. కోళ్లు గోల పెట్టడమే ఆలస్యం, చెవులు వదిలేసి కళ్లతో ఆకాశాన్ని పట్టుకునేవాళ్లం.

ఇక వెతకడం నా వంతు. మా కంచెకు అవతల, ప్లాట్లు దాటాక, ఒక సరుకుల గోదాము ఉంది. విమానాశ్రయం వచ్చాక ఆ చుట్టుపక్కల లేచినవాటిలో అదొకటి. లారీకీ గోదాము అరుగుకూ నడుమ ఒక బరువైన ఇనుప పలక వేస్తారు, బండ్లు నెట్టుకుపోవడానికి. హమాలీలు దాన్ని లేపి వదిలేస్తారు. సిమెంటు మీద పడి ‘ధన్’ అంటుంది. ఫ్యాన్లు తిరుగుతుంటే మా షెడ్డులో అది తెలియదు.

కోళ్లు బెదరకుండా లోపల ఫ్యాన్లు తిరగనిచ్చి, మైకును బయటికి తెచ్చుకుని, మేడం కంప్యూటర్‌తో షెడ్డు వరండాలో కూర్చుంది. నేను గోదాము గోడ పక్కన ఫోను పట్టుకుని నిలబడ్డాను. పలక పడినప్పుడల్లా “ఇప్పుడు” అనాలి.

“ఇప్పుడు.”

“వచ్చిందండీ గీత. మీ మాట తరవాత చిన్న ఎడం. ఆ దూరం నడవడానికి శబ్దానికి పడుతున్న సమయం అది.”

“ఇప్పుడు.”

“వచ్చింది. ఈసారి పలక పడకుండానే ‘ఇప్పుడు’ అనండి.”

“నేను అబద్ధమాడ మేడం.”

“పరీక్షకండీ బాబూ!”

అన్నాను. “రాలేదు” అంది. వెనక నుంచి మా ఇంటామె గొంతు వినిపించింది. “ఆయన అబద్ధమాడితె డబ్బకు గూడ ఎర్కయింది అక్కా!”

మర్నాడే ఇద్దరం గోదాముకు వెళ్లాం. మేనేజరు బొమ్మ చూశాడు. కోళ్లకోసం ఇంత బొమ్మ గీశారా అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. పలక పడేచోట ఒక రబ్బరు పట్టా వేస్తే చాలంది. అంతకుమించి ఏమీ అడగలేదు. అంత చిన్నదా అని నాకు చిన్నతనమనిపించింది. ఇన్నేళ్ల నా కొట్లాట చివరికి ఒక రబ్బరు ముక్కకు వచ్చి ఆగింది.

“చూస్తం మేడం. పైకి పంపిస్తం” అన్నాడు మేనేజరు.

“ఎప్పుడు?”

“జల్దీనే.”

“జల్దీ అనేది ‘ఎప్పుడు’ కాదండీ.”

“అరే, చెప్తున్న గద మేడం, చూస్తమని!”

ఆమె మెల్లగా కుర్చీ తిప్పి ఎడమ చెంప అతనివైపు పెట్టింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం దాచుకోను. మొదటిరోజు నాకు దక్కిన మర్యాద ఇంకొకరికి దక్కింది.

కొన్నాళ్లు చూసి, బుద్వేల్‌లో పాత టైర్లు కోసి అమ్మే దుకాణంలో రబ్బరు పట్టా తనే కొని తెచ్చింది. చుట్ట చుట్టి స్కూటీకి ముందు నిలబెట్టుకుని వస్తుంటే మా ఊరి కుక్కలన్నీ వెంటపడ్డాయి. ఇద్దరం గోదాము గేటుకు మోసుకెళ్లాం. సెక్యూరిటీవాడు లోపలికి పోనివ్వలేదు. మేనేజరు లేడు, వచ్చాక వేయిస్తాం, గోడకు ఆనించి పొమ్మన్నాడు. ఆనించి వచ్చాం. తిరిగి వచ్చేటప్పుడు నేను ఆమెకు ఎడమపక్క నడుస్తున్నాను. కొంతదూరం వచ్చాక ఆమె ఆగి, నా వెనకనుంచి చుట్టూ తిరిగి, నా ఎడమపక్కకు మారింది. ఇప్పుడు నేను కుడిచెవి వైపు ఉన్నాను. ఎండలో ఇద్దరం అలసిపోయి ఉన్నాం. నేనేమీ మాట్లాడలేదు. ఆమె వింటూనే నడిచింది.

ఆ తరవాత ఆమె రావడం తగ్గింది. నీరసంగా ఉంటోందని ఒకసారి ఫోనులో మా ఇంటామెతో చెప్పిందట. ఆ తరవాత ఫోను ఎత్తలేదు. ఎత్తకపోతే నాకు కోపం వచ్చింది. అందరిలాగే ఈమె కూడా జవాబివ్వడం మానేసిందనుకున్నాను.

షెడ్డులో మళ్లీ కోళ్లు చచ్చాయి. ఈ బ్యాచే ఆఖరు అన్నాడు సూపర్‌వైజర్. ఇంకోసారి గోదాముకు రమ్మని అడుగుదామని కాలేజీకి వెళ్లాను. గేటు దగ్గరే వాచ్‌మన్ ఆపాడు.

“ఎవలకోసం సార్? గా మేడమా? మేడం పోయింది గద. మీకు తెల్వదా? దవాఖానల ఉండె. ఇగ రాలే. మీటింగు గూడ పెట్టిన్రు, ఫొటోకు దండేసిన్రు.”

“ఎప్పుడు?”

“మొన్న ఎండకాలంల సార్.”

“ఎండకాలం చాన పొడుగు” అన్నాను. అతనికి అర్థం కాలేదు. స్టూలు ఇచ్చి కూర్చోమన్నాడు. ఎదురుగా ప్రిన్సిపాల్ కారు వచ్చింది, అద్దం దించకుండానే లోపలికి పోయింది.

సభలో ప్రిన్సిపాల్ ఆమె పనిని ముందుకు తీసుకుపోతామన్నాడట. అయ్యా, ఆ పని ఇంకా ముందుకు పోనక్కర్లేదు. అది అయిపోయింది. గోదాము గేటు పక్కనే గోడకు ఆనుకుని ఉంది. చుట్ట విప్పలేదు. మీద దుమ్ము పేరుకుంది. దాని నీడలో సెక్యూరిటీవాడు మంచినీళ్ల సీసా పెట్టుకుంటున్నాడు. మేనేజరు మారాడు. కొత్తాయన కూడా చూస్తామన్నాడు. ఇప్పుడు కూడా మధ్యాహ్నం ఫ్యాన్లు ఆగితే నేనూ మా ఇంటామే షెడ్డు తలుపు దగ్గర నిలబడి, ఊరికే దగ్గుతూ ఉంటాం. ఆ ‘ధన్’ వచ్చేలోపు కోళ్లకు ఏదో ఒక చప్పుడు వినపడుతూ ఉండాలని. గొంతులు పుండ్లయ్యాయి.

గోదాముకు యజమాని ఎవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఇది ఆయనకే రాస్తున్నాను. చూస్తామని నాకు చెప్పొద్దు. పైకి పంపామని చెప్పొద్దు. జల్దీ అని చెప్పొద్దు. ఏం చెయ్యాలో ఆమె మీకు చెప్పింది, పట్టా కూడా తెచ్చి ఇచ్చింది. మీ నుంచి ఆమె అడిగింది ఒక్కటే మాట. ఆమెకు మీరు జవాబు చెప్పలేదు. నాకు చెప్పండి.

ఎప్పుడు?